శనివారం సినిమా – హాలు పోయింది, అర్జెంట్

చిన్నక్క | గురువారం ఉదయం 7:40
థియేటర్ వాళ్ళు రాత్రి మెయిల్ పెట్టారు. శనివారం మన ‘పథేర్ పాంచాలి’ స్లాట్ ఏదో కొత్త సినిమాకి ఇచ్చేశారట. అడ్వాన్స్ వెనక్కి ఇస్తారట. నిన్నటి లిస్టులో (బ్యానర్, జ్ఞాపికలు, పిల్లల పాట, పార్కింగ్) ఎవరి పని వాళ్ళు కానివ్వండి. హాలు నేను చూస్తా.

బాబాయ్ | 7:52
మొదటి మీటింగ్‌లోనే చెప్పాను. 1955 నాటి బెంగాలీ సినిమా, నలుపు తెలుపు, ఫైట్లు లేవు. పెద్ద హీరో సినిమా అయితే ఆ థియేటర్ వాడే మన వెంట పడేవాడు.

మాస్టారు | 8:05
‘పథేర్ పాంచాలి’ నెగెటివ్ 1993లో లండన్ ల్యాబ్ మంటల్లో చిక్కుకుంది. మిగిలిన దాన్ని అతికించి, శుభ్రం చేసి 2015లో మళ్ళీ తెర మీదికి తెచ్చారు. అంత గండం గడిచిన సినిమా మన దగ్గర హాలు లేక ఆగాలా? అంత భారంగా ఉంటే నన్ను గ్రూపులోంచి తీసేయండి.

బాబాయ్ | 8:11
మిమ్మల్ని తీసేస్తామని ఎవరన్నారు మాస్టారూ? టికెట్లు కొన్నవాళ్ళకి ఫోన్లు చేయాల్సింది నేను. నా టెన్షన్ అది.

తమ్ముడు | 12:30
పిల్లలకు తెలుగు క్లాసులు జరిగే హాలు శనివారం ఖాళీ, అడిగాను. చిక్కేంటంటే, థియేటర్‌కి పంపిన డీసీపీ (థియేటర్లలో వేసే డిజిటల్ సినిమా కాపీ) అక్కడ తెరుచుకోదు. దాని డిజిటల్ తాళంచెవి ఆ థియేటర్ సర్వర్‌కే, ఆ టైముకే పనిచేస్తుంది. మాస్టారి దగ్గర బ్లూరే ఉంది కానీ అది ఇంట్లో చూసుకోడానికి కొన్నది. జనానికి వేయాలంటే హక్కులవాళ్ళు ఒప్పుకోవాలి.

చిన్నక్క | శుక్రవారం 9:15
ఒప్పుకున్నారు! చోటు మార్చి డిస్కుతో వేసుకోమని మెయిల్‌లో రాసిచ్చారు.

బాబాయ్ | 9:20
మరింకేం. మొన్న డాన్సులకి వాడిన స్పీకర్లు నా గ్యారేజీలోనే ఉన్నాయి.

మాస్టారు | 9:34
అవి వద్దు. పాట ఆగగానే గుర్రుమంటాయి. హరిహర్ తిరిగొచ్చి కూతురికి తెచ్చిన చీర చూపించినప్పుడు తల్లి సర్వజయ భోరుమంటుంది. ఆమె గొంతు మనకి వినపడదు, తార్ షెహనాయ్ (కమానుతో వాయించే తీగల వాద్యం) ఒక్కటే వినిపిస్తుంది. అక్కడ మీ స్పీకర్ గుర్రుమందంటే నేను లేచి వెళ్ళిపోతాను.

బాబాయ్ | 9:36
మాస్టారూ, కథ చెప్పేశారు.

మాస్టారు | 9:41
క్షమించండి. సగమే చెప్పాను.

తమ్ముడు | 21:50
హాల్లో టెస్ట్ చేస్తున్నా. ఇక్కడి ప్రొజెక్టర్ పాతది, 4:3 (వెడల్పు నాలుగైతే ఎత్తు మూడు). మొదట బొమ్మ మధ్యలో పోస్టల్ స్టాంపంత వచ్చింది, నాలుగు పక్కలా నలుపు. మెనూలో జూమ్ మార్చాక తెర నిండిపోయింది. ఈ సినిమా తీసిందే దాదాపు ఆ కొలతలో కదా. థియేటర్లో అయితే రెండు పక్కలా ఖాళీ ఉండేది. స్పీకర్ల గుర్రు మాత్రం మాస్టారు చెప్పినట్టే ఉంది. ఛార్జర్ తీసేసి ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడిపితే పోయింది. అసలు సమస్య కిటికీలు. ఇక్కడ ఇప్పుడు వేసవి, రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగే. రెల్లుపూల మధ్య పిల్లలిద్దరూ రైలు కోసం పరుగెత్తే సీను తెల్ల కాగితంలా వెలిసిపోయింది.

చిన్నక్క | 22:02
ఎవరింట్లో నల్ల దుప్పట్లు ఉంటే అవి తెండి. నిచ్చెన?

బాబాయ్ | 22:04
నేను తెస్తా. మాస్టారూ, పొద్దున ఆరింటికి మీ ఇంటి ముందుంటాను. డిస్కు మర్చిపోకండి.

చిన్నక్క | శనివారం 17:20
బ్యానర్ ఎవరి దగ్గరుంది? గుమ్మానికి ఇంకా కట్టలేదేంటి?

మాస్టారు | 17:23
మూడో కిటికీకి కట్టేశాం. దాని వెనక వైపు నలుపు.