భీమిలి పాత ఇళ్ళ సిమెంటు పూత: కొట్టేయాలా, ఉంచాలా?

తీరవాసి:
భీమునిపట్నంలో పాతకాలపు ఇటుక గోడలకు చాలాచోట్ల తర్వాత సిమెంటు పూత పూసేశారు. అదంతా కొట్టేసి సున్నం పూయాలని కొందరి వాదన. గట్టిగా ఉన్న పూతను కదిలించడం నాకు తగదనిపిస్తోంది. పగుళ్ళు పూడిస్తే చాలు. సున్నం పని తెలిసిన మేస్త్రీలు తక్కువ. పైగా నలుగురు వాటాదారుల ఇల్లయితే అంత ఖర్చుకు ఎవరు ముందుకొస్తారు?

గానుగసున్నం:
గట్టిగా ఉండడమే చిక్కండీ. పునాదిలోంచి ఎక్కే చెమ్మ ఇటుకల మధ్య ఉన్న సున్నం సందుల్లోంచి బయటికి ఆరిపోవాలి. సిమెంటు అడ్డుపడితే లోపలే ఆగి ఇంకా పైకెక్కుతుంది. సముద్రపు ఉప్పు తోడై, ఇటుక లోపలే గడ్డకట్టి దాన్ని పిండి చేస్తుంది. పూత మీద తట్టి చూడండి, డొల్ల మోత వస్తుంది. పెళ్ళ ఊడదీస్తే వెనక గోటితో గీకినా రాలే ఎర్రపొడి! 1825లో డచ్చివాళ్ళు ఊరు ఇంగ్లీషువాళ్ళకు అప్పగించేనాటికి పోర్ట్‌లాండ్ సిమెంటుకు, అంటే ఇప్పుడు మనం వాడే రకానికి, పేటెంటు వచ్చి ఏడాదే. సున్నంతో కట్టిన ఆ గోడలకు అది సరిపడదు.

ముందు నేల నుంచి మీటరున్నర ఎత్తు వరకే తీయండి. ఉలి, చిన్న సుత్తి చాలు, బ్రేకర్ మిషను వద్దు. సందులు అంగుళం లోతు గీకి, ఉప్పును పొడి బ్రష్షుతోనే దులపాలి. నీళ్ళు కొడితే ఉప్పు కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. ఎండాకాలంలో కొన్ని వారాలు గోడను అలాగే వదిలేయండి. తర్వాత నానిన సున్నం 1 పాలు, జల్లించిన ఏటి ఇసుక 3 పాళ్ళు. చెమ్మ ఎక్కువైన చోట ఒక పాలు ఇసుక తగ్గించి ఇటుక పొడి కలపండి. బీచి ఇసుక అసలే వద్దు. అరంగుళం మించని పొరలు రెండు వేసి, వారం పాటు తడి గోనెపట్టాలు కప్పాలి. తొందరగా ఆరితే పూత పొడిపొడిగా రాలుతుంది.

మిద్దెమేస్త్రీ:
ఒక్క మాట. సిమెంటు బాగా పట్టేసిన చోట ఉలి వేస్తే ఇటుక ముఖమే ఊడొస్తుంది. ముందు ఒక చదరపుటడుగు తీసి చూడండి. ఇటుక చెదిరితే ఆ భాగాన్ని వదిలేయండి. బస్తాలో కొన్న సున్నం పొడి గాలి తగిలి చచ్చిపోయి ఉండొచ్చు. గడ్డ సున్నమే కొని నీళ్ళు పోయండి, సలసల కాగకపోతే తిప్పి పంపండి. అన్నిటికంటే ముందు మిద్దె, తూములు చూడండి. పైనుంచి కారుతుంటే కింద ఎంత పూసినా దండగే.

తీరవాసి:
సరే, కింది భాగానికి ఒప్పుకుంటాను. పిట్టగోడ పైభాగం మాత్రం సిమెంటే ఉండనివ్వండి. తుపాను వానకు సున్నం నిలవదు.

గానుగసున్నం:
అక్కడే ఎక్కువ ముప్పు! ఎండకు సిమెంటు చీలుతుంది, ఆ చీలికలోంచి దిగిన నీరు గోడ మధ్యకు చేరుతుంది. ఇటుక పొడి కలిపిన సున్నంతో బయటికి వాలుగా కట్టి, ఏటా వానలకు ముందు సున్నం కొట్టించండి.

మిద్దెమేస్త్రీ:
పిట్టగోడ మీద రావి మొక్క కనిపిస్తే పీకొద్దు, వేరుతోపాటు ఇటుకలు లేస్తాయి. మొదలుకంటా కోసి, వేరు చచ్చాకే సందు విప్పి తీయండి. ఇంకోటి, ఇల్లు కేంద్ర రక్షిత కట్టడానికి (కేంద్ర పురావస్తు శాఖ కాపాడే పాత కట్టడానికి) 100 మీటర్ల లోపుంటే మరమ్మతుకూ అనుమతి కావాలి. పని మొదలెట్టాక ఆపించుకునే కంటే ముందే అర్జీ పెట్టండి.

తీరవాసి:
పిట్టగోడ సంగతి నాకింకా నమ్మకం కుదరలేదు. ఒకవైపు సున్నం, ఒకవైపు సిమెంటు ఉంచి రెండు వానాకాలాలు చూడనివ్వండి.