కడప అనగానే బాంబుల జోకు... మీరెలా నెట్టుకొస్తున్నారు?

సంగటిముద్ద:
మాది కడప జిల్లా, ప్రొద్దుటూరు దగ్గర పల్లె. ఉద్యోగం హైదరాబాద్ కొండాపూర్‌లో. ఊరు పేరు చెప్పడమే ఆలస్యం, వరస మొదలు: బ్యాగులో బాంబులున్నాయా, మీ ఊళ్లో సుమోలు గాల్లోకి లేస్తాయా, ఏదీ ఓసారి తొడకొట్టు. మా నాన్న పోస్టాఫీసు గుమాస్తా, బస్సులో చిల్లర ఇవ్వకపోయినా అడగడానికి మొహమాటపడే మనిషి. ఫ్రెండ్స్ మధ్య నాకూ సరదానే, నేనూ నాలుగు కలిపి చెబుతా. కానీ కొత్త మేనేజరు క్లయింటు కాల్‌లో "మావాడితో జాగ్రత్త, కడప" అని పరిచయం చేశాడు. అప్పట్నుంచి ఫలానా తేదీకి పని అవ్వదని మామూలుగా చెప్పినా "అమ్మో, సీమ కోపం" అంటున్నారు, అసలు విషయం పక్కకి పోతోంది. మొహాలు మాడ్చుకోకుండా దీన్ని ఆపే దారి ఉందా?

గోదారిగట్టు:
ఆయ్, మాకూ తప్పదండీ. మాది రాజోలు. బాగున్నారా అని మనస్ఫూర్తిగా అడిగినా "వెటకారమా?" అంటారు. ఇంకోటి పులస. మేం రోజూ అదే తింటామని వీళ్ల నమ్మకం. అది సముద్రంలోంచి గోదాట్లోకి ఎదురీదేది వరద నీరొచ్చే ఆ రెండు మూడు నెలలే, ధర వింటే మేమూ ఫొటో తీసుకుని ఇంటికొచ్చేస్తాం. నా సలహా ఒకటే, నవ్వకండి. "అర్థం కాలేదండీ, ఇంకోసారి చెప్పండి" అనండి. అదే జోకు రెండోసారి చెప్పాలంటే ఎవడికైనా నీరసం వస్తుంది.

ఓరుగల్లు_పోరడు:
నాది హన్మకొండ, ఉండేది బెంగళూరు. ఇక్కడ తెలంగాణ అంటే హైదరాబాదే, హైదరాబాద్ అంటే బిర్యానీనే. మా ఇంట్లో సర్వపిండి, మక్క గారెలు అంటే ఎవరికీ పట్టదు, "ఆదివారం బిర్యానీ చేసిపెట్టు" అంటారు, నాకేమో అన్నం వండటమే అంతంతమాత్రం. అన్నా, నీ మేనేజర్‌ని మరీ తప్పుపట్టకు. 1999 తర్వాత ఫ్యాక్షన్ సినిమాలు వరసపెట్టి వచ్చినయ్, అప్పుడు కాలేజీలో ఉన్నోళ్లే ఇప్పుడు మేనేజర్లు. వాళ్లు చూసింది థియేటరు, కడప కాదు. ఇంకోసారి అంటే, మీ వంటింట్లో గట్టు ఏ ఊరి బండదో చూసుకోమను.

అనంత_వాన:
అందరూ సరదాగా తీసిపారేస్తున్నారు గానీ, నేను ఇల్లు అద్దెకు వెతికేటప్పుడు ఒక ఓనరమ్మ "అనంతపురమా, గొడవలేం లేవు కదా, మీవాళ్లు గుంపులుగా వస్తారా" అని అడిగింది. వచ్చేది మా అమ్మా, బొరుగుల సంచీ. ఫ్యాక్షన్ అబద్ధం అనను, కొన్ని ఊళ్లలో కుటుంబాలకు కుటుంబాలే నాశనమయ్యాయి, అందుకే నాకు ఆ జోకులకు నవ్వు రాదు. మా జిల్లాలో ఎక్కువమందికి ఉన్న అసలు తగువు వానతో. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ పడుతుంది, అదీ వేరుశనగకు కావాల్సినప్పుడు పడదు. దాని మీద సినిమా ఎవరు చూస్తారు.

సంగటిముద్దా, మేనేజర్‌తో ఒంటరిగా మాట్లాడు. "టీమ్‌లో ఎంతైనా ఆటపట్టించండి, క్లయింటు ముందు వద్దు, నేను చెప్పే అభ్యంతరానికి విలువ పోతోంది" అను, అంతే. ఊరి గౌరవం, సీమ చరిత్ర అని మొదలుపెట్టావో మళ్లీ "సీమ పౌరుషం" అంటాడు.

సంగటిముద్ద:
ఆ చివరి మాట నిజం అక్కా, ఒకసారి బ్రౌన్ లైబ్రరీ మా కడపలోనే ఉందని చెప్పబోతే "తొడకొట్టి చెప్పు" అన్నారు. బుధవారం మేనేజర్‌తో విడిగా మీటింగ్ ఉంది, అడుగుతా. ఫ్రెండ్స్‌ని మాత్రం ఆపను, వాళ్లని నేనూ తక్కువేం ఆటపట్టించలేదు.

మిరపయార్డు:
గుంటూరోణ్ణి, అల్సరుతో పెరుగన్నం తింటున్నా. నన్నెవరూ నమ్మరు. ఆ మేనేజర్‌కి చెప్పేటప్పుడు నువ్వు నవ్వకు బాబూ, మళ్లీ జోకే అనుకుంటాడు.