నీటికాసుల ఆపరేషన్‌లో మైటోమైసిన్: ఒప్పుకోవాలా, వద్దా?

గోదావరిగట్టు:
అమ్మకి 58. ఏళ్ల తరబడి మూడు రకాల చుక్కలు వేస్తున్నా కుడికంటి ప్రెజర్ 28 నుంచి దిగడం లేదు. ట్రాబెక్యులెక్టమీ చేస్తారట. సంతకం పెట్టమన్న కాగితంలో 'మైటోమైసిన్-సి' అని ఉంది. వెతికితే క్యాన్సర్ మందని తేలింది. కంట్లో క్యాన్సర్ మందేమిటండీ? అది లేకుండా చేయించుకోకూడదా?

చుక్కలసీసా:
కంటి డాక్టర్ని. క్యాన్సర్ మందన్న మాట నిజమే, కానీ ఇక్కడ దాని పని వేరు. తెల్లగుడ్డులో చిన్న తలుపు కోసి, లోపలి నీరు పైపొర కిందికి వచ్చేలా దారి చేస్తాం. ఒంటి మీద ఏ గాయమైనా పూడాలనే కోరుకుంటాం, ఇది మాత్రం పూడకూడదు. పూడిందా, ప్రెజర్ మళ్లీ మొదటికొస్తుంది. అందుకే స్పాంజి ముక్కలు మందులో తడిపి, పైపొర కింద రెండు మూడు నిమిషాలు ఉంచి తీసేసి, సెలైన్‌తో బాగా కడుగుతాం. మందు మిల్లీలీటరుకి 0.2 నుంచి 0.4 మిల్లీగ్రాములు. కీమోతో పోలికే లేదు, జుట్టు ఊడదు.

పాతగాయం:
డాక్టరుగారు సగమే చెప్పారు. మా నాన్నకి 2011లో ఇదే చేశారు. ప్రెజర్ 10కి దిగితే సంబరపడ్డాం. ఆరేళ్లకి ఒక శనివారం కన్ను ఎర్రబడి పుసి కట్టింది. కలకేలే అని మెడికల్ షాపులో చుక్కలు తెచ్చి వేశాం. సోమవారానికి లోపల చీము. చూపు పోయింది. మందు వల్ల పైపొర ఉల్లిపొరలా పల్చబడిందని అప్పుడు చెప్పారు, అంతకుముందు ఒక్కరూ చెప్పలేదు. మొదటిసారి ఆపరేషన్‌కి ఈ మందు వద్దనే నేనంటాను.

చుక్కలసీసా:
ముందే చెప్పకపోవడం తప్పే, దాన్ని సమర్థించను. పల్చబడటం, నీరు కారడం, ప్రెజర్ మరీ పడిపోవడం, అన్నీ ఉన్నవే. కానీ 1968లో కెయిర్న్స్ అనే డాక్టర్ ఈ ఆపరేషన్ గురించి రాసినప్పుడు ఇందులో ఈ మందు వాడలేదు, మచ్చ కట్టి పూడిన కళ్లు బోలెడు. వయసు తక్కువైతే పైపొర కిందుండే టెనాన్ పొర మందంగా ఉంటుంది, మచ్చ తొందరగా కడుతుంది (58 మాకు చిన్న వయసే). ఏళ్ల తరబడి చుక్కలు వేసిన కన్ను ఇంకా తొందరగా మచ్చ కడుతుంది. ఇప్పుడు స్పాంజిని ఒకేచోట పెట్టకుండా వెడల్పుగా పరుస్తున్నాం, నీరు చేరి పైపొర ఉబ్బే చోట వచ్చే ఆ పల్చటి బుడగలు తగ్గాయి. 80 దాటినవాళ్లకి ఒక్కోసారి మానేస్తాను. ఈ అమ్మగారికి మానను.

పాతగాయం:
సరే. అయితే ఎర్రబడితే ఏం చేయాలో కూడా ఆ కాగితంలోనే రాయండి.

గోదావరిగట్టు:
సంతకం పెట్టాం. 0.2, రెండు నిమిషాలట. 'కన్ను ఎర్రబడితే ఆదివారమైనా అదే రోజు రావాలి' అని వాళ్ల చేతే రాయించుకున్నా. ఫ్రిజ్ తలుపుకి అంటించాను.