పన్ను తీసిన గుంతలో బీఎంపీ పెట్టాలా, ఎముక పొడీ పీఆర్‌ఎఫ్ చాలా?

జేపీనగర్_పెరియో
బెంగళూరులో ఇంప్లాంట్లు వేసే మన తెలుగు డాక్టర్ల మధ్య ఈ వాదన తెగడం లేదు. ప్రొటీన్ కలిపితేనే ఎముక నిజంగా పుడుతుందని ఒక పక్షం, అదంతా అమ్మేవాళ్ల కబుర్లని ఇంకో పక్షం. కేసు ఇలా అనుకుందాం: పై దవడ ముందు పన్ను తీశాం, పెదవి వైపు గోడ సగానికి పైగా లేదు, నాలుగు నెలల తర్వాత ఇంప్లాంట్ వేయాలి. చేతిలో మూడు దార్లు: ఆవు ఎముక పొడిలో పీఆర్‌ఎఫ్ (పేషెంట్ రక్తాన్నే తిప్పి తీసే ఫైబ్రిన్ గడ్డ) కలపడం, డీబీఎం (ఖనిజం తీసేసిన మనిషి ఎముక), లేదా కొల్లాజెన్ స్పాంజిలో బీఎంపీ-2 (ఎముక పుట్టించే ప్రొటీన్). "నా కేసుల్లో బాగా వచ్చింది" అనే జవాబులు వద్దండీ. ప్రొటీన్ అక్కడ ఏం చేస్తుందో చెప్పి వాదించండి.

ప్రొటీన్_బల్ల
మూడింటినీ "గ్రోత్ ఫ్యాక్టర్" అని ఒకే గాటన కట్టడంతోనే గొడవ మొదలైంది. ఆవు ఎముక పొడిలో ప్రొటీన్ ఉండదు. కావాలనే తీసేస్తారు, మిగిలేది ఖనిజం. అది పందిరి లాంటిది. పక్కన తీగ ఉంటే పాకుతుంది, పందిరి తీగను పుట్టించదు. గోడలన్నీ ఉన్న సాకెట్‌లో (పన్ను తీసిన గుంతలో) అది బాగా పనిచేయడానికి కారణం ఇదే: చుట్టూ బతికున్న ఎముక ఉంది కాబట్టి.

పీఆర్‌ఎఫ్‌లో ఉండేవి ముఖ్యంగా పీడీజీఎఫ్, టీజీఎఫ్-బీటా, వీఈజీఎఫ్ అనే ప్రొటీన్లు. ఇవి కణాలను పిలుస్తాయి, వాటి సంఖ్య పెంచుతాయి, రక్తనాళాలను రప్పిస్తాయి. ఏ కణం ఏమవ్వాలో తేల్చే పని వీటిది కాదు.

ఆ పని బీఎంపీది. 1965లో మార్షల్ యూరిస్ట్ ఖనిజం తీసేసిన ఎముకను జంతువుల కండరంలో పెట్టి చూశాడు. ఎముకే లేని చోట ఎముక పుట్టింది. దానికి కారణమైన ప్రొటీన్‌కు బీఎంపీ అన్న పేరు 1971లో వచ్చింది, జన్యువులు 1988లో దొరికాయి. జరిగేది ఇది: రెండు గొలుసులు జతకట్టిన బీఎంపీ-2 అణువు కణం పైనున్న టైప్-1, టైప్-2 రిసెప్టర్లకు (సంకేతం అందుకునే ప్రొటీన్లకు) అతుక్కుంటుంది. లోపల స్మాడ్ 1, 5, 8 ప్రొటీన్లకు ఫాస్ఫేట్ చేరుతుంది. అవి స్మాడ్-4ను వెంటబెట్టుకుని కేంద్రకంలోకి వెళ్తాయి. రన్‌ఎక్స్2, ఆస్టెరిక్స్ జన్యువులు మేల్కొంటాయి. కొవ్వు కణమో కండర కణమో కావలసిన మూలకణం ఎముక కట్టే ఆస్టియోబ్లాస్ట్ దారి పడుతుంది. దీనికి కళ్లెం కూడా శరీరంలోనే ఉంది. నాగిన్ అనే ప్రొటీన్ బీఎంపీని పట్టుకుని రిసెప్టర్ దగ్గరకు పోనివ్వదు.

కాబట్టి అడగాల్సింది ఒక్కటే. ఆ గుంతలో లేనిది పందిరా, పిలుపా, ఆదేశమా?

వైట్‌ఫీల్డ్_ఇంప్లాంట్
ఈ కేసులో లేనిది ఆదేశమే, అందుకే నా ఓటు బీఎంపీకి. మీరు చెప్పిన కేసు మీదే 2005లో ఫియోరెల్లినీ బృందం ట్రయల్ వచ్చింది: 80 మంది, బయటి గోడ 50 శాతం, అంతకు పైగా పోయిన సాకెట్లు, మిల్లీలీటరుకు 0.75 మి.గ్రా., 1.5 మి.గ్రా. మోతాదులు, నాలుగు నెలలకు లెక్క. 1.5 వాళ్లకు ఎముక స్పష్టంగా ఎక్కువ వచ్చింది. 2007లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సాకెట్‌కూ సైనస్‌కూ (పై దవడ వెనక పళ్ల మీదుండే గాలి గది) అనుమతి ఇచ్చింది.

ఫెయిలయ్యేది ఎక్కువగా తయారీలోనే. బీఎంపీ వయల్‌లో స్టెరైల్ నీళ్లు పోశాక ఊపకూడదు, మెల్లగా తిప్పాలి. నురగ వస్తే ప్రొటీన్ పాడైనట్టే. స్పాంజి మొత్తం సమంగా తడిసేలా పోసి కనీసం 15 నిమిషాలు వదలాలి. ఆ వ్యవధిలో ప్రొటీన్ కొల్లాజెన్‌ను పట్టుకుంటుంది. రెండు గంటలు దాటితే వాడకండి. పెట్టేటప్పుడు స్పాంజిని పిండకండి, పెట్టాక సెలైన్‌తో కడగకండి, సక్షన్ గొట్టం దగ్గరకు తేకండి. పిండితే మందు గాజ్‌లోకి పోతుంది, పేషెంట్‌కు మిగిలేది ఖరీదైన దూది.

స్పైన్_వైపు
వెన్నెముక వైపు నుంచి ఒక మాట, అండీ. సగటు మనిషి ఎముక నుంచి తీసిన డీబీఎంలో బీఎంపీ-2 గ్రాముకు నానోగ్రాముల్లో ఉంటుంది, పదుల్లో, మహా అయితే వంద చిల్లర. మీరు పెట్టేది మిల్లీలీటరుకు 1.5 మి.గ్రా., అంటే 15 లక్షల నానోగ్రాములు. ఇంత ఎందుకంటే ఎముకలో అది మాతృకకు (ఎముకలోని కొల్లాజెన్ అల్లికకు) కట్టుబడి నెమ్మదిగా వస్తుంది. స్పాంజిలో ఉన్నదాంట్లో చాలా భాగం మొదటి రోజుల్లోనే బయటకు పోతుంది. ఎలుకకు చాలిన మోతాదు మనిషికి చాలదు కూడా.

ఆ వరదకు ఫలితాలు ఉంటాయి. వాపు ఒకటి. మెడ వెన్నెముకలో వాడితే గొంతు వాచి ఊపిరాడని కేసులు రావడంతో 2008లో ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది. రెండోది, ఎక్కువ మోతాదు ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్ట్‌లను కూడా లేపుతుంది. మొదటి వారాల్లో చుట్టూ ఉన్న ఎముక కరిగి ఆ తర్వాత కొత్తది వస్తుంది. మూడోది, వద్దన్న చోట ఎముక. 2002లో నడుము వెన్నుపూసల మధ్య పెట్టే కేజ్‌తో మొదటి అనుమతి వచ్చినప్పుడు పేపర్లలో దుష్ప్రభావాలు దాదాపు లేవన్నారు. 2011లో ది స్పైన్ జర్నల్ ఆ లెక్కలను తిరగేసింది. 2013లో యేల్ యూనివర్సిటీ చేయించిన రెండు స్వతంత్ర సమీక్షల్లో, పేషెంట్ తుంటి నుంచే తీసి పెట్టే ఎముక గ్రాఫ్ట్ కంటే పెద్ద మెరుగేమీ తేలలేదు.

దంతాల్లో మోతాదు చిన్నది, ఒప్పుకుంటాను. అయినా గర్భిణికి, ఎదుగుదల ఆగని పిల్లలకు, ఆ చోట కణితి ఉన్నవాళ్లకు లేదా తీసేసినవాళ్లకు, ఇన్ఫెక్షన్ చురుగ్గా ఉన్నచోట బీఎంపీ వద్దు. ముఖం వాపు గురించి ముందే చెప్పాలి. లేకపోతే మూడో రోజు ఫోన్ ఆగదు.

వైట్‌ఫీల్డ్_ఇంప్లాంట్
వెన్నెముక లెక్కలు తెచ్చి సాకెట్ మీద పెట్టడం న్యాయం కాదు సార్. అక్కడ పోలిక తుంటి ఎముకతో. ఇక్కడ పోలిక గడ్డం నుంచో దవడ కోణం నుంచో మళ్లీ కోసి తీసే ఎముకతో, దాని తిమ్మిరితో. 160 మంది మీద జరిగిన సైనస్ ట్రయల్‌లో (2009) ఎత్తు సొంత ఎముకకే ఎక్కువ: 9.46 మి.మీ., బీఎంపీకి 7.83. ఇంప్లాంట్‌కు రెండూ చాలు, కోత ఒకటి తగ్గింది.

హెచ్చెసార్_ఓరల్‌సర్జన్
మీ ఇద్దరూ వదిలేసింది చోటు గురించి. తడిసిన స్పాంజి మెత్తటి ఇడ్లీ. పెదవి కండరం నొక్కితే కుంగిపోతుంది. కుంగిన చోట ఎంత సంకేతం ఉన్నా ఎముకకు జాగా లేదు. గోడ లేని కేసులో టైటానియం మెష్ (వల) గానీ, చిగురును ఎత్తిపట్టే టెంటింగ్ స్క్రూ గానీ పెట్టి ఆ గుడారం కింద స్పాంజి పెట్టాలి. ఫ్లాప్ (కోసి తెరిచిన చిగురు) లాగకుండా మూసుకోవాలి, అందుకు లోపలి పెరియాస్టియంకు (ఎముకను అంటి ఉండే పొరకు) కోత పెట్టి వదులు చేయాలి. కుట్టు బిగిస్తే మెష్ బయటపడుతుంది. ఈ కేసు ఓడిపోయేది అక్కడే, ప్రొటీన్ వల్ల కాదు.

ఇంకోటి: "రెండూ కలిపేద్దాం" అని బీఎంపీ ద్రవాన్ని ఆవు ఎముక పొడి మీద పోసేవాళ్లున్నారు. సైనస్‌లో బీఎంపీని పొడితో కలిపితే పొడి ఒక్కటే పెట్టినదానికంటే కొత్త ఎముక తగ్గిందని 2012లో ఒక పరిశీలన వచ్చింది. ఎక్కువ కలిపితే ఎక్కువ వస్తుందనుకోవడం వంటింట్లో కూడా పనిచేయదు.

జేపీనగర్_పెరియో
మరి డీబీఎం సంగతి? బీఎంపీ సహజ మోతాదులో, మాతృకకు కట్టుబడే ఉంటుందిగా. ధరా తక్కువే.

ప్రొటీన్_బల్ల
సూత్రం సరైనదే, సీసా మీద నమ్మకం తక్కువ. 0.5 లేదా 0.6 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఖనిజం తీస్తారు. కాల్షియం 8 శాతం లోపు మిగలాలి. ఎక్కువ మిగిలితే ప్రొటీన్ ఖనిజంలో చిక్కుకుని ఉంటుంది, ఆమ్లంలో ఎక్కువసేపు ఉంచితే ప్రొటీనే చెడుతుంది. ఆపైన దాత వయసు, ఆరోగ్యం. ఒకే కంపెనీ రెండు బ్యాచ్‌ల మధ్య బీఎంపీ తేడా చాలా ఉంటుంది. గామా కిరణాలతో శుద్ధి చేస్తే బ్యాక్టీరియాతో పాటు ఎముక పుట్టించే శక్తీ తగ్గుతుంది, మోతాదు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. టిష్యూ బ్యాంక్‌ను అడగాల్సినవి మూడు: ఎన్ని కిలోగ్రేల రేడియేషన్ ఇచ్చారు, ఏ ఉష్ణోగ్రతలో ఇచ్చారు, థైమస్ లేని ఎలుక కండరంలో ఎముక పుడుతుందో లేదో 28 రోజుల పరీక్ష చేశారా. జవాబు రాకపోతే దాన్ని పందిరిగానే లెక్కేసుకోండి.

కోరమంగళ_పెరియో
పీఆర్‌ఎఫ్‌ను ఇంత తేలిగ్గా తీసేయకండి. చాలాచోట్ల అది పనిచేయకపోవడానికి కారణం సెంట్రిఫ్యూజ్ (రక్తాన్ని తిప్పే మెషిన్). పేపర్‌లో 2700 ఆర్‌పీఎం, 12 నిమిషాలు అని ఉంటే అందరూ అదే తిప్పుతారు. ట్యూబ్‌కు తగిలే బలం రోటర్ వ్యాసార్ధాన్ని బట్టి మారుతుంది. లెక్క: 0.00001118 × వ్యాసార్ధం సెం.మీ.లలో × ఆర్‌పీఎం వర్గం. 8 సెం.మీ. రోటర్‌కు 2700 దగ్గర 652 జీ, 11 సెం.మీ. రోటర్‌కు అదే వేగంలో 897 జీ. కణాలు ఎక్కువగా అడుగుకు కొట్టుకుపోతాయి, మీకు మిగిలే ఫైబ్రిన్‌లో కణాలు తగ్గుతాయి. 11 సెం.మీ. మెషిన్‌లో 2300 దగ్గర తిప్పండి.

ట్యూబ్ సాదా ఎర్రమూతది, గాజుదైతే మేలు. ఊదామూతలో ఈడీటీఏ ఉంటుంది, గడ్డే కట్టదు. రక్తం తీసిన నిమిషం, నిమిషంన్నరలో మెషిన్ తిరగాలి. పేషెంట్ రక్తం పలచబరిచే వార్ఫరిన్ మీద ఉంటే గడ్డ వదులుగా వస్తుంది.

గోడ ఉన్న సాకెట్‌కు ఇది, పొడి చాలు. గోడ లేనిదానికి చాలదని నేనూ ఒప్పుకుంటాను.

బసవనగుడి_డెంటల్
ఎవరూ ఎత్తని విషయం: పొడి ఆవుది, బీఎంపీ స్పాంజిలో కొల్లాజెన్ కూడా ఆవుదే, చిగుళ్ల చికిత్సలో వాడే ఎమ్డోగెయిన్ జెల్ పందిది, డీబీఎం చనిపోయిన మనిషిది. చిక్‌పేట, బసవనగుడి వైపు జైన, బ్రాహ్మణ పేషెంట్లు ఎందరో. "బోన్ పౌడర్" అని ఒక్క మాట అని సంతకం తీసుకోవడం తప్పు. హైడ్రాక్సీఅపటైట్, బీటా-టీసీపీ (రెండూ కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజాలే) కలిపిన సింథటిక్ పొడి, సొంత రక్తంతో పీఆర్‌ఎఫ్ అంటే జంతువు ప్రమేయం లేదు. బీఎంపీ-2ను స్వయంగా చూస్తే అది చైనీస్ హామ్‌స్టర్ కణాల్లో లేదా ఈ.కోలైలో తయారైన మానవ ప్రొటీన్. అభ్యంతరం దానిమీద కాదు, స్పాంజి మీద.

స్పైన్_వైపు
అయితే స్పాంజి మార్చి బీటా-టీసీపీ మీద పోస్తే సరి అని ఎవరైనా అనేలోపు: వాహకం (ప్రొటీన్‌ను మోసేది) మారితే విడుదలయ్యే వేగం మారుతుంది, 1.5 మి.గ్రా. లెక్క ఆ స్పాంజికే వేసింది. ఈ.కోలై రకానికి చక్కెర గొలుసులు ఉండవు, కరిగే తీరు వేరు. ఒకదాని మోతాదు పట్టిక ఇంకోదానికి పనికిరాదు.

వైట్‌ఫీల్డ్_ఇంప్లాంట్
ఇది మాత్రం ఒప్పుకోవాల్సిందే. ఈ కేసుకు నేనింకా బీఎంపీ అనే అంటాను, కానీ ఆమోదం పొందిన స్పాంజితో, మెష్ కింద, ఓరల్‌సర్జన్ గారు చెప్పిన ఫ్లాప్‌తో.

హెచ్చెసార్_ఓరల్‌సర్జన్
మెష్ కింద అన్నారు కాబట్టి: అంచులు గుండ్రంగా అరగదీసి, పక్క పంటి వేరుకు తగలకుండా రెండు చిన్న స్క్రూలతో కదలకుండా బిగించండి. కదిలే మెష్ కింద ఎముక బదులు పీచు కణజాలం వస్తుంది, బీఎంపీ ఉన్నా సరే.