వీధి హైడ్రంట్లు కావాలా, అపార్ట్‌మెంట్ సంపు చాలా?

గోదారిగాలి: 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఇల్లు అంటుకుని 17 మంది పోయారు. అమెరికా నగరాల్లో దాదాపు ప్రతి వీధిలో హైడ్రంట్ ఉంటుంది, అంటే ఫైరింజన్ పైపు తగిలించుకునే పెద్ద కుళాయి. మన హైదరాబాద్‌లో మాత్రం ఫైరింజన్‌లో నీళ్లయిపోతే ట్యాంకర్ కోసం చూడాలి. ఇంకెన్నాళ్లు?

పంపుహౌస్: అక్కడ ప్రాణాలు తీసింది పొగ, ఇరుకు మెట్లు, ఒకే దారి. సరే, హైడ్రంట్ సంగతే చూద్దాం. మాకు నల్లా రోజు విడిచి రోజు, అదీ గంటో గంటన్నరో. మిగతా టైమంతా పైపులో గాలే. దానికి హైడ్రంట్ బిగిస్తే ఈల వేస్తుంది. 4,500 లీటర్ల బండి నిమిషానికి వెయ్యి లీటర్లు కొడితే ఐదు నిమిషాలు కూడా రాదు, ఒప్పుకుంటా. అందుకే బిల్డింగ్‌లోనే సంపు, డీజిల్ పంపు, అంతస్తుకో వాల్వ్ ఉండాలి.

బే ఏరియా బావ: ఇక్కడ అమెరికాలోనూ అంతే అన్నా. 2025 జనవరిలో లాస్ ఏంజలెస్ పాలిసేడ్స్ మంటల్లో 10 లక్షల గ్యాలన్ల ట్యాంకులు మూడూ తెల్లవారుజామున 3 కల్లా ఖాళీ. కొండ మీది హైడ్రంట్లు ఎండిపోయాయి. 11.7 కోట్ల గ్యాలన్ల శాంటా ఇనెజ్ రిజర్వాయర్‌నేమో కవర్ రిపేరని ముందే ఖాళీ చేసి పెట్టారు.

గోదారిగాలి: అది కొండంతా అంటుకున్న మంట. ఒక ఇంటి మంటకు ఆ హైడ్రంట్లు చాలవా?

పంపుహౌస్: పైపులో గాలి అని చెప్పాను.

అద్దెజీవి: మా బిల్డింగ్‌లో మంటలార్పే పైపు పెట్టే హోస్ బాక్సులో చీపుళ్లున్నాయి. నాజిల్ ఎవరో పాత సామాన్లకు అమ్మేశారు.

ఎర్రమందారం: మా దగ్గర ఆ పైపుతో కార్లు కడుగుతారు 😀

పంపుహౌస్: నవ్వండి. మూడేళ్లు మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీగా చేశాను. పంపు సర్వీసింగ్‌కు ఫ్లాట్‌కు 600 అడిగితే సగం మంది ఇవ్వలేదు. "గవర్నమెంట్ చూసుకోవాలి" అన్నారు, అచ్చం మీలాగే.

గోదారిగాలి: నాకు అసోసియేషనే లేదండీ! పాతకాలపు మూడంతస్తుల ఇల్లు, కింద బట్టల గోడౌన్, పైన మేం నాలుగు కుటుంబాలు. సంపు మనిషి దిగేంత కూడా లేదు. 600 ఎవరికివ్వాలి? మీ డీజిల్ పంపు మీ గేటు లోపలే కదా. మాకు వీధిలో ఉంటేనే దిక్కు.

పంపుహౌస్: గోడౌనుందని మొదటే చెప్పొచ్చుగా. మెట్లు కాక ఇంకో దారుందా?

గోదారిగాలి: వెనకాల తలుపుంది. తాళం వేసుంటుంది.

పంపుహౌస్: తాళంచెవి?

గోదారిగాలి: ఓనర్ దగ్గర. ఆయన బెంగళూరులో.