చర్చి హోమ్‌లు పిల్లల్ని కాపాడుతున్నాయా, ఇంటికి దూరం చేస్తున్నాయా?

కొల్లేటి_గాలి:
ఫిబ్రవరి 8న మా చర్చిలో ప్రత్యేక ప్రార్థన పెట్టారు. సూడాన్‌లో బానిసగా అమ్ముడుపోయి, తర్వాత సిస్టర్ అయిన జోసెఫీన్ బఖితా పండగ అది. 2015 నుంచి కథోలికులు ఆ రోజు మనుషుల అక్రమ రవాణా ఆగాలని ప్రార్థిస్తారు. ప్రార్థన అయ్యాక ఒక పిల్లల హోమ్‌కి చందా అడిగారు. ఇద్దామనుకుంటే మా బావమరిది "పిల్లల్ని పట్టుకొచ్చేదే వాళ్లు" అన్నాడు. తెలిసినవాళ్లు చెప్పండి. మతం గొడవ వద్దు.

ధర్మో_రక్షతి:
చర్చి అని రాసి మతం గొడవ వద్దంటే ఎలా బ్రదర్?

డేనియల్_మార్కాపురం:
మా నాన్న పాస్టర్. మేము చిన్న హోమ్ నడుపుతున్నాం, అందుకే రాస్తున్నా. మా వైపు వాన పడకపోతే ఊరికి ఊరే బెంగళూరు, హైదరాబాద్ పనులకు పోతుంది. కొందరు తల్లులు కువైట్ పోతారు. పిల్ల అవ్వ దగ్గర ఉంటుంది. అవ్వకి చూపానదు. "సిటీలో మంచి ఇల్లు, అన్నం పెడతారు, నెలకింత పంపుతారు" అంటూ ముందు వచ్చేది బ్రోకరే. మేము తీసుకోకపోతే వాడు తీసుకుంటాడు. ఇందులో దాచేదేముంది?

విజయవాడ స్టేషన్లో రైలు దిగిన పిల్లల కోసం సలేషియన్ సంఘానికి చెందిన కథోలిక ఫాదర్లు 1989లోనే నవజీవన్ అనే ఆశ్రయం మొదలెట్టారు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 అప్పటికింకా పుట్టలేదు, అది 1996లో ముంబైలో మొదలైంది. హైదరాబాద్ మెహబూబ్ కీ మెహందీ వేశ్యావాటిక ఖాళీ చేయించినప్పుడు సునీతా కృష్ణన్ గారితో కలిసి అక్రమ రవాణా బాధితుల సంస్థ ప్రజ్వల మొదలెట్టిన బ్రదర్ జోస్ వెట్టికాటిల్ కూడా కథోలిక సన్యాసే. బావమరిది గారికి ఇవి చెప్పండి.

శేషగిరి_వి:
డేనియల్ గారూ, మీ హోమ్‌కి జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 41 కింద రిజిస్ట్రేషన్ ఉందా?

హేతువాది_77:
ప్రజ్వల మత సంస్థ కాదు. ఒక బ్రదర్ ఉన్నంత మాత్రాన చర్చి ఖాతాలో వేసుకోకండి. నిజామాబాద్ జిల్లాలో జోగినుల కోసం, అంటే దేవుడి పేరున వదిలేసిన ఆడవాళ్ల కోసం, పనిచేసిన హేమలతా లవణం గారు నాస్తికురాలు. ఏ దేవుడి పేరూ చెప్పకుండానే చేశారు. 1988లో ఆ ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చిందంటే అందులో ఆమెలాంటివాళ్ల శ్రమ ఉంది.

డేనియల్_మార్కాపురం:
హేమలత గారంటే మాకూ గౌరవమే. కానీ ఆమె కవి జాషువా గారి కూతురు, ఆయన క్రైస్తవుడిగా పుట్టినవాడు, అదీ రాయండి మరి. 1901లోనే తిరునల్వేలి దగ్గర ఎమీ కార్మైకేల్ అనే మిషనరీ గుడికి ఇచ్చేసిన ఆడపిల్లల్ని తెచ్చి దోనావూర్‌లో పెంచింది. అప్పుడు చట్టమూ లేదు, కమిటీలూ లేవు.

శేషగిరి_వి:
1901లో చట్టం లేదు సరే, ఇప్పుడుంది కదా. రిజిస్ట్రేషన్ ఉందా లేదా? నేను ఈ శాఖలో చేసి రిటైరయ్యాను. 41 లేకుండా నడిపితే సెక్షన్ 42 కింద ఏడాది దాకా జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. దారి తప్పిన పిల్ల దొరికితే 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీకి తెలపాలి. ఇవి రెండూ చేసినవాడు ఏ మతమైనా నాకు అభ్యంతరం లేదు.

డేనియల్_మార్కాపురం:
శేషగిరి గారూ, రిజిస్ట్రేషన్ కోసం మా నాన్న తిరగని ఆఫీసు లేదు. ఒకసారి మరుగుదొడ్లు చాలవన్నారు, కట్టించాం. ఒకసారి ఫైర్ సర్టిఫికెట్ అన్నారు, తెచ్చాం. ఆ తర్వాత ఒక అధికారి మా నాన్నని గేటు బయట నిలబెట్టి కవర్లో ఎంత పెడతావన్నాడు. అదే ఊళ్లో మఠం పేరుతో నడిచే ఇంకో హాస్టల్‌కి ఒక్కరూ వెళ్లలేదు. దీనికి ఏ సెక్షనో చెప్పండి.

శేషగిరి_వి:
లంచం అడిగితే ఏసీబీకి చెప్పాలి. నేనడిగింది అది కాదు.

పెన్నా_ఒడ్డున:
శేషగిరి గారి పాట మళ్లీ మొదలైంది 😄

తండా_బిడ్డ:
మీరు విజయవాడ, దోనావూర్ చెప్పుకుంటున్నరు. మా నల్గొండ దిక్కు దేవరకొండ సంగతి ఎవ్వరూ ఎత్తుతలేరు. 1999లో, మళ్ల 2001లో హైదరాబాద్‌ల దత్తత కేసులు బయటపడ్డయి. మా లంబాడి తండాల మూడో ఆడపిల్ల, నాలుగో ఆడపిల్ల పుడితే దళారి వస్తుండె. తల్లి చేతుల కొన్ని వందలో వేలో పెట్టి బిడ్డను ఎత్తుకపోతుండె. విదేశాలకు దత్తత ఇచ్చి డాలర్లు తీసుకున్నరు. అప్పుడు పట్టుబడ్డోళ్లల్ల క్రైస్తవ పేర్లతోని నడిచే హోమ్‌లు కూడా ఉండె. మా చిన్నమ్మ బిడ్డ గట్లనే పోయింది, ఏ దేశంల ఉందో తెల్వదు. మీరు కాపాడిన లెక్క చెప్తరు, పోయినోళ్ల లెక్క ఎవరు చెప్తరు?

డేనియల్_మార్కాపురం:
అక్కా, అది ఘోరం, కాదనను. కానీ ఆ దొంగల పాపం మా మీద వేస్తారా? బాబాల మీద కేసులు వస్తే గుళ్లన్నీ మూస్తున్నారా?

తండా_బిడ్డ:
గుడి ముచ్చట నేను తీయలే. బిడ్డ ముచ్చట తీసిన.

శేషగిరి_వి:
ఆ కేసుల తర్వాతే నిబంధనలు బిగిశాయి. ఇప్పుడు బిడ్డను వదులుకోవాలన్నా తల్లి కమిటీ ముందుకే రావాలి. మనసు మార్చుకోడానికి రెండు నెలల గడువుంటుంది. అందుకే నేను కాగితం కాగితం అని అరిచేది. మీకు అది నవ్వులాటగా ఉంది.

ధర్మో_రక్షతి:
రాంచీ 2018. మదర్ థెరిస్సా సంస్థ. పసిబిడ్డ అమ్మకం కేసు. గూగుల్ చేసుకోండి.

కొల్లేటి_గాలి:
ఛత్తీస్‌గఢ్‌లో దుర్గ్ సంగతీ చెప్పు మరి. 2025 జులైలో కేరళ సిస్టర్లు ఇద్దర్ని రైల్వే స్టేషన్లో పట్టుకుని అక్రమ రవాణా, మతమార్పిడి అని కేసు పెట్టారు. వాళ్లతో ఉన్న అమ్మాయిలు పనికోసం ఇష్టపడే వెళ్తున్నారని ఇంటివాళ్లే చెప్పారు. వారం పైగా జైల్లో ఉన్నాక బెయిలొచ్చింది.

శేషగిరి_వి:
అది పెద్దవాళ్ల గురించి నడిచిన కేసు. ఇక్కడ మాట్లాడేది 18 నిండని వాళ్ల గురించి. కలపొద్దు.

డేనియల్_మార్కాపురం:
కలపకపోతే ఎలా? ఇప్పుడు నేను నలుగురు పిల్లల్ని రైల్లో ఎక్కించాలంటే భయం. అసలు మాట చెప్పనా? మాల మాదిగ పిల్లలు ఇంగ్లిష్ మాట్లాడుతూ నర్సులవుతుంటే మీకు కడుపుమంట. అదే పిల్ల ఇటుక బట్టీలో ఉంటే ఏ సెక్షనూ గుర్తురాదు ఒక్కడికీ!

శేషగిరి_వి:
నా కులం నీకు తెలుసా? నేను సాంఘిక సంక్షేమ హాస్టల్లో పురుగుల అన్నం తిని చదివినవాణ్ణి. నోరు అదుపులో పెట్టుకో.

పెన్నా_ఒడ్డున:
అడ్మిన్ గారూ...

మేరీ_కె:
నేను అలాంటి హోమ్‌లోనే పెరిగాను. ఏ హోమో చెప్పను. నర్సింగ్ చదివాను, ఉద్యోగం చేస్తున్నాను. నాతో ఒకటో తరగతి చదివిన మా వీధి పిల్ల ఇళ్లల్లో పనికి హైదరాబాద్ పోయి మళ్లీ రాలేదు. కాబట్టి డేనియల్ గారు చెప్పే బ్రోకర్ అబద్ధం కాదు.

కానీ నా ఫైల్లో తండ్రి చనిపోయాడని రాశారు. మా నాన్న బతికే ఉన్నాడు, తాగుబోతు, అంతే. అమ్మ కూలికి పోయేది. విదేశాల్లో ఉన్న స్పాన్సర్‌కి ఏటా ఉత్తరం రాసేదాన్ని, అందులో మా అమ్మ ప్రస్తావన ఉండకూడదు. క్రిస్మస్‌కీ ఎండాకాలానికీ తప్ప ఇంటికి పంపేవాళ్లు కాదు. తమ్ముడి పెరుగుదల నేను చూడలేదు. నా పేరున వచ్చిన డబ్బులో సగం అమ్మ చేతికిచ్చినా నేను ఇంట్లోనే ఉండి అదే బడికి పోయేదాన్ని. రిజిస్ట్రేషన్ ఆ హోమ్‌కి ఉంది శేషగిరి గారూ. గోడకు ఫ్రేమ్ కట్టి మరీ పెట్టారు.

శేషగిరి_వి:
అమ్మా, చట్టం మూడో సెక్షన్లోనే ఉంది, సంస్థలో పెట్టడం ఆఖరి మార్గమని. తనిఖీకి వెళ్లినవాళ్లు ఫైలు చూసి పిల్లతో మాట్లాడకుండా వచ్చేస్తే అలాగే అవుతుంది.

డేనియల్_మార్కాపురం:
మేరీ గారూ, మీరు చెప్పేది మాకూ తెలుసు. కానీ ఇంట్లో ఉన్న పిల్లకి స్పాన్సర్ దొరకడు. హోమ్ ఫోటో చూస్తేనే ఇస్తాడు. వేరే దారీ ఒకప్పుడు ఉండేది: పిల్ల ఇంట్లోనే ఉండి, బడికి పోయి, సాయంత్రం చర్చి సెంటర్లో చదువు, భోజనం, వైద్యం. కంపాషన్ ఇంటర్నేషనల్ అనే అమెరికా క్రైస్తవ సంస్థ అలాగే నడిపింది, లక్ష మందికి పైగా పిల్లలకి. ప్రభుత్వం విదేశీ నిధులు ఆపేస్తే 2017లో దేశం వదిలి వెళ్లిపోయింది. ఇంటి దగ్గర ఉంచి చేసినవాళ్లని వెళ్లగొట్టి, ఇప్పుడు ఇంటికి పంపలేదేమని మమ్మల్ని అడుగుతున్నారు.

హేతువాది_77:
ఆ సెంటర్లో చదువుతో పాటు బైబిల్ కూడా చెప్పేవాళ్లు కదా. ఆపింది అందుకే.

డేనియల్_మార్కాపురం:
చెప్పేవాళ్లు. అన్నం పెట్టినవాడు తను నమ్మింది చెప్పకూడదా?

తండా_బిడ్డ:
అన్నం మీద షరతు ఉంటే అది అన్నం గాదు తమ్మీ, బేరం. దళారి కూడా బేరమే చేసిండు.

శేషగిరి_వి:
కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయలు పిల్ల ఇంట్లో ఉండగానే ఇస్తారు. వితంతువు, భర్త వదిలేసినామె, తల్లిదండ్రులు లేక బంధువుల దగ్గరున్న పిల్ల, ఇలా. పల్లెలో ఏడాది ఆదాయం 72,000 దాటకూడదు. అర్జీ జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఇవ్వాలి. హోమ్‌లో ఉన్న పిల్లని ఇంటికి చేర్చడానికీ వాడొచ్చు.

డేనియల్_మార్కాపురం:
భర్త వదిలేశాడని కాగితం ఎవరిస్తారు సార్? వాడు పండగకి వచ్చి తన్ని పోతుంటాడు. తల్లి కువైట్‌లో, బ్యాంకు ఖాతా అవ్వ పేరున తెరవాలంటే అవ్వకి ఆధార్‌లో వేలిముద్ర పడదు.

మేరీ_కె:
ఆ అర్జీ మీరు రాయించండి. స్పాన్సర్‌కి ఉత్తరాలు రాయించే ఓపిక ఉంది కదా.

డేనియల్_మార్కాపురం:
రాయిస్తాను. పిల్ల వెళ్లిన నెలకే బ్రోకర్ మళ్లీ గుమ్మంలో నిలబడితే?

మేరీ_కె:
మీ చర్చి ఆ వీధిలోనే ఉంది కదండీ.