షుగర్ మందు గ్లైక్లజైడ్ అమెరికాలో దొరకదు, అమ్మకు ఏ మందు మార్పించాలి?

హైదరాబాద్ నుంచి ఆరు నెలలు ఉండడానికి డాలస్ వెళ్తున్న అమ్మ మందుల గురించి అక్కడున్నవాళ్లు సాయం చేయండి. టెల్మా 40తో ఇబ్బంది లేదు. అందులోది టెల్మిసార్టాన్, అక్కడ జనరిక్‌గా దొరుకుతుంది. థైరోనార్మ్‌కు లివోథైరాక్సిన్ అంటే చాలు. డోలోను మాత్రం ఎసిటమినోఫెన్ అని అడగాలి.

చిక్కంతా గ్లైక్లజైడ్ ఎంఆర్ 60తోనే (ఎంఆర్ అంటే ఒంట్లో నెమ్మదిగా విడుదలయ్యే రకం). బ్రిటన్, కెనడాల్లో ఉంది గానీ అమెరికాలో దానికి ఆమోదమే లేదు, ఏ పేరుతో అడిగినా రాదు. సల్ఫోనైల్‌యూరియా అనే అదే రకం షుగర్ మందుల్లో గ్లిమెపిరైడ్, గ్లిపిజైడ్ ఉన్నాయి. కానీ మిల్లీగ్రాములు చూసి మార్చేస్తే ప్రమాదం. గ్లైక్లజైడ్‌లోనే చూడండి, మామూలు 80కి ఎంఆర్ 30 సమానం. లెక్క తప్పితే పెద్దవయసులో షుగర్ పడిపోతుంది, నా భయమంతా అదే.

వెంట తీసుకెళ్లడానికి సాధారణంగా 90 రోజులకు సరిపడా మందులే అనుమతిస్తారు. మరి ఇక్కడే డాక్టరుగారితో గ్లిమెపిరైడ్‌కు మార్పించి, కొన్ని వారాలు పరగడుపు షుగర్, తిన్నాక షుగర్ చూసుకుని బయల్దేరడం మేలా? లేక అక్కడికెళ్లాక మార్పించాలా? విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకు మందులు రాసే క్లినిక్ ఎలా వెతుక్కోవాలి? చీటీలో జనరిక్ పేరు, మోతాదు, ఎంఆర్ అన్న అక్షరాలు కాక ఇంకేం రాయించుకోవాలి?